ఇంగ్లీషు సర్వనామాలు, 4వ పాఠం: ‘తన’తో వచ్చిన చిక్కు

‘అక్క తన కొడుకును శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో రైలెక్కించింది’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చమని గత పాఠం చివర అడిగాను. చాలామంది ‘హిజ్ సన్’ అని రాశారు, కొందరు ‘హర్‌సెల్ఫ్ సన్’ అని కూడా రాశారు. ఇందులో నా తప్పూ ఉంది. హి, షి వంటి పర్సనల్ ప్రొనౌన్లనూ, హిజ్, హర్ వంటి సొంతదారును చెప్పే పొసెసివ్‌లనూ ఒకే పాఠంలో కుక్కి, ‘తన’ సంగతి చెప్పకుండా వదిలేశాను. అందుచేత హు, విచ్ వంటి రిలేటివ్‌లను వచ్చే పాఠానికి జరుపుతున్నాను. దిస్, దట్, దీజ్, దోజ్ అనే డెమాన్‌స్ట్రేటివ్‌లు మీకు తెలిసినవే.

తెలుగులో ‘తన’కు ఆడా మగా తేడా లేదు, వాక్యంలో పని చేసినవారు ఎవరైతే వారిదని చెప్పి ఊరుకుంటుంది. ఇంగ్లీషులో ఆ పని చేసే ఒకే మాట లేదు కనుక, సొంతదారు ఎవరో చూసుకొని మాట ఎంచుకోవాలి. రైలెక్కింది మగపిల్లవాడే అయినా, వాడు అక్క కొడుకు కాబట్టి ‘హర్ సన్’ అనాలి. బావ కూతురైతే ‘హిజ్ డాటర్’, ఆవు దూడైతే ‘ఇట్స్ కాఫ్’, కూలీల కూలి డబ్బులైతే ‘దెయిర్ వేజెస్’. నేనైతే రాసేముందు ‘ఎవరి?’ అని పైకే అడుగుతాను.

అసలు ముడి మరొకటుంది. ‘అన్న తమ్ముడికి తన గొడుగు ఇచ్చాడు’ అన్నప్పుడు ఆ గొడుగు అన్న సొంతం. ‘వాడి గొడుగు ఇచ్చాడు’ అంటే తమ్ముడిది. ఇంగ్లీషులో రెండూ ‘హి గేవ్ హిజ్ బ్రదర్ హిజ్ అంబ్రెల్లా’ అనే వాక్యంలోనే కలిసిపోతాయి. గొడుగు అన్న సొంతమే అని తేల్చాలంటే రెండో చోట ‘హిజ్ ఓన్’ అనాలి. అనుమానం లేని చోట కూడా ‘ఓన్’ తగిలించడం నాకు నచ్చదు.

ఇక హర్‌సెల్ఫ్, దెమ్‌సెల్వ్స్ వంటి సెల్ఫ్ మాటలు నామవాచకానికి ముందు విశేషణంలా నిలవవు. పొందూరులో నూలు వడికేవారు వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేస్తారు. ‘దే క్లీన్ ద కాటన్ దెమ్‌సెల్వ్స్’ అన్నప్పుడు చివరి మాట తీసేసినా వాక్యం నిలుస్తుంది. అది నొక్కి చెప్పడానికి వాడిన ఎంఫాటిక్. ఆ దవడ పళ్లు గీసుకొని ‘షి హర్ట్ హర్‌సెల్ఫ్’ అన్నప్పుడు మాత్రం చివరి మాట తీసేస్తే దెబ్బ ఎవరికి తగిలిందో తెలియదు; అది, చేసిన పని చేసినవారికే తగిలిందని చెప్పే రిఫ్లెక్సివ్. పరిచయంలో ‘మైసెల్ఫ్’ అని పేరు చెప్పుకోవడం ఈ రెంటిలో దేనికీ చెందదు, ‘ఐ యామ్’ అంటే చాలు.

అభ్యాసం: విజయనగరం సిరిమానోత్సవం గురించి ఇంగ్లీషులో పది వాక్యాలు రాయండి. పూజారి, సిరిమాను (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను), భక్తులు అన్న మాటలను ఒక్కొక్కసారే వాడి, మిగతా చోట్లన్నీ సర్వనామాలతో నడపండి. ఏ ‘హిజ్’ అయినా, ఏ ‘దెయిర్’ అయినా ఇద్దరికి వర్తిస్తుంటే ఆ వాక్యాన్ని కొట్టేసి మళ్లీ రాయండి.