బొడిపెలు రాని జామాయిల్ చెట్టు: డీఎన్ఏ పరీక్షకు ఆకు ఎలా తీయాలి

దేవరకొండ వైపు చెల్కల్లో జామాయిల్ పెట్టే రైతులకు నేను నారు ఇస్తుంటాను. లేత ఆకు నడిమి ఈనె మీద గులాబీ బొడిపెలు కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. లెప్టోసైబ్ ఇన్వేసా అనే కందిరీగ జాతి పురుగు పని అది. మిల్లీమీటరు కన్నా కాస్తే పెద్దది.

ఈ పురుగును తట్టుకునే గుణానికి మార్కర్, అంటే డీఎన్ఏలో గుర్తు, వెతకాలంటే గింజతో పెరిగిన మడి కావాలి. క్లోన్ తోటలో, అంటే ఒకే చెట్టు కొమ్మలతో పెంచిన తోటలో, జన్యువులన్నీ ఒకటే, తేడా ఎక్కడ దొరుకుతుంది? ఒకే తల్లిదండ్రుల మొక్కల్లో బొడిపెలున్నవీ లేనివీ విడివిడిగా రాసుకోండి. ఈనె మీద గుడ్లు పెట్టిన మచ్చలుండి బొడిపె రాని చెట్టును మాత్రం అస్సలు వదలొద్దు. పురుగు వచ్చినా లొంగలేదది! మచ్చే లేని చెట్టును పురుగు ముట్టలేదేమో, దాన్ని వెంటనే నమ్మను.

బొడిపె లేని లేత ఆకే తెంపండి, లేకపోతే లోపలి పురుగు డీఎన్ఏ కూడా కలుస్తుంది. తుడిచి, కాగితం కవరులో పెట్టి, చెట్టు నంబరు పెన్సిల్‌తో రాసి, తేమ పీల్చే సిలికా జెల్ గింజలు నిండుగా పోసిన డబ్బాలో మూత బిగించండి. ఆ జెల్ గింజల రంగు మారితే మార్చేయండి. ఎండలో ఆరబెట్టొద్దు, డీఎన్ఏ పాడవుతుంది.

ల్యాబ్ ఇచ్చే మార్కర్ చాలాసార్లు జన్యువు పక్కనుండే గుర్తే, జన్యువు కాదు. వేరే తల్లిదండ్రుల మొక్కల్లో అది పనిచేయకపోవచ్చు. అందుకే ఎంచిన మొక్కల్ని పురుగున్న తోట పక్కనే పెంచి చూసి, ఆ తర్వాతే రైతుకివ్వండి.