మంచం పట్టిన మనిషిని ఒక్కరే పక్క తిప్పేటప్పుడు

కిందికి జారిపోయిన మనిషిని చంకల్లో చేతులు వేసి పైకి గుంజడం చాలా ఇళ్లలో రోజూ జరిగే పనే. దాంతో చూసుకునేవాళ్ల నడుము పట్టేస్తుంది, పడుకున్నవాళ్ల భుజం దెబ్బతింటుంది. పక్షవాతం వచ్చిన వైపు కండలకు పట్టు ఉండదు కాబట్టి చెయ్యి పట్టి లాగితే భుజం కీలు జారిపోవచ్చు. సాయానికి ఎవరూ లేనప్పుడు ఎత్తే ఆలోచనే పెట్టుకోకండి. దొర్లించండి, లేదా దుప్పటి మీద జరపండి. రోగిని కదిలించేటప్పుడు ఒకరు చేతులతో ఎత్తే బరువు సుమారు 16 కిలోలు మించకూడదని అమెరికాలో ఆసుపత్రి సిబ్బందికి చెబుతారు. 60 కిలోల మనిషికి ఒక్క కాలే దాదాపు 10 కిలోలు ఉంటుంది.

ముట్టుకోకముందే

మంచానికి చక్రాలుంటే బ్రేకులు వేయండి. ఎత్తు మార్చే వీలుంటే మీ నడుము దాకా పెంచుకోండి. లేకపోతే వంగి చేయకుండా ఒక మోకాలు పరుపు మీద ఆనించి పని కానివ్వండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. పెద్దవయసు వాళ్ల చర్మం గీసుకుంటే చాలు, పొరలా లేచిపోతుంది. నాలుగు దిండ్లు చేతికందేలా పెట్టుకోండి. మనిషిని సగం తిప్పి పట్టుకుని దిండు కోసం వెతుక్కోవాల్సి వస్తే చేతులు అక్కడే వణుకుతాయి.

మూత్రపు సంచి ఉంటే ఖాళీ చేసి, తిప్పబోయే వైపుకి మార్చి తగిలించండి. అది ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. ట్యూబు ద్వారా ఆహారం వెళ్తుంటే ఆపేయండి. తిన్నాక, లేదా ట్యూబులో పోశాక అరగంట నుంచి గంట దాకా తలవైపు దించకండి, లోపలున్నది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత మనిషికి చెప్పండి: "మూడు అనగానే నా వైపు తిప్పుతాను" అని. స్పృహ సరిగా లేకపోయినా చెప్పండి. చెప్పకుండా తిప్పితే ఒళ్లు బిగపట్టేస్తారు.

ఒళ్లు కింద ఎప్పుడూ ఒక అడ్డదుప్పటి ఉంచండి. మామూలు దుప్పటిని మధ్యకు మడిచి, భుజాల దగ్గర్నుంచి తొడల సగం దాకా వచ్చేలా పరిస్తే చాలు.

తిప్పడం

ఒక్కరే ఉన్నప్పుడు ఎప్పుడూ మీ వైపుకే తిప్పాలి. అటు తోస్తే అవతల పట్టుకునేవాళ్లు ఉండరు.

కుడిపక్కకు ఒత్తిగిలించాలనుకుంటే, ముందు వాళ్ల ఎడమవైపు నిలబడి అడ్డదుప్పటిని పట్టుకుని మీ వైపు జరపండి. మొత్తం ఒంటిని ఒకేసారి కాదు. భుజాలు, తర్వాత తుంటి, ఆఖర్న కాళ్లు, ఒక్కోసారి జానెడు చొప్పున. ఆ వైపు రెయిలింగు ఎత్తి లాక్ చేసి, కుడివైపుకి వెళ్లండి. రెయిలింగు లేని మంచమైతే అంచుకు జరపడం మానేయండి. కొద్దిపాటి వాలుకు అంత చోటు అక్కర్లేదు.

ఇప్పుడు మీకు దగ్గరగా ఉన్న చేతిని ఒంటి కింద నలగకుండా పక్కకు చాపండి. అవతలి చేతిని ఛాతీ మీదికి తెండి. అవతలి మోకాలు మడిచి పాదం పరుపు మీద ఆనించండి. సులువంతా ఈ మోకాలులోనే ఉంది. అది మడిస్తే మీటలా పనిచేసి తుంటిని తనే తిప్పుతుంది, చాచి ఉంటే రెండింతలు లాగాలి. ఒక చెయ్యి అవతలి భుజం వెనక, రెండోది అవతలి తుంటి మీద వేయండి. మీ పాదాలు ఒకటి ముందు, ఒకటి వెనక. మూడు అన్నాక చేతులతో గుంజకుండా మీ బరువును వెనక కాలి మీదికి వేయండి, మనిషి దొర్లి వస్తారు. నడుము మెలితిప్పకండి.

పూర్తిగా పక్కకు, నిలువునా పడుకోబెట్టకండి. అలా చేస్తే బరువంతా కండ లేని తుంటి ఎముక మీద పడుతుంది. వీపు వెనక దిండు దూర్చి 30 డిగ్రీల వాలులో ఆపితే పిరుదు కండ మీద ఆనుతుంది. సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే నడుము కింద, పిరుదుల మధ్య ఎముక దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. ఎముక పరుపుకు ఆనకూడదు. కింది భుజాన్ని కాస్త ముందుకు లాగండి. మోకాళ్ల నుంచి చీలమండల దాకా మధ్యలో ఒక దిండు, పై చేతికి ఒకటి పెట్టండి. మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు పిక్కల కింద పొడుగ్గా దిండు పెట్టి మడమలు గాల్లో తేలేలా చేయండి. మోకాలి మడత కింద మాత్రమే దిండు పెట్టి వదిలేయకండి, కాలు అలాగే ముడుచుకుపోతుంది. చెవి మడత పడిందా, కింద గొట్టం నలుగుతోందా అని కూడా చూడండి.

చర్మం చెప్పేది

సాధారణంగా రెండు గంటలకోసారి తిప్పాలి. మంచి పరుపు ఉండి చర్మం బాగుంటే రాత్రుళ్లు ఈ వ్యవధి పెంచవచ్చేమో డాక్టరునో నర్సునో అడగండి. గాలి పరుపు ఉన్నంతమాత్రాన తిప్పే పని తప్పదు. దాని మీద రెండు మూడు దుప్పట్లు, రబ్బరు షీటు పరిస్తే ఉన్న ప్రయోజనం కూడా పోతుంది.

తిప్పిన ప్రతిసారీ అప్పటిదాకా కింద ఉన్న చోటు చూడండి. ఎర్రబడిన చోట వేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే ఇంకా ఫర్వాలేదు, నొక్కినా ఎరుపు తగ్గకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నల్లని ఒంటి మీద ఎరుపు తెలియదు కాబట్టి వేళ్ల వెనకభాగంతో తాకండి: చుట్టుపక్కల కన్నా వేడిగా, గట్టిగా లేదా మెత్తగా ఉందా? అక్కడ మర్దన చేయకండి, లోపల నలిగిన కండ ఇంకా నలుగుతుంది. మధ్యలో రంధ్రమున్న రింగు దిండ్లు వద్దు, అంచు చుట్టూ రక్తం ఆగిపోతుంది.

జారిపోతుంటే

తలవైపు 30 డిగ్రీలు దాటి ఎత్తితే ఒళ్లు కిందికి జారుతుంది. చర్మం మాత్రం దుప్పటికి అంటుకుని అక్కడే ఉంటుంది, లోపలి కండా ఎముకా కదులుతాయి. లోతైన పుండ్లు ఇలాగే పడతాయి. అందుకే ముందు మోకాళ్ల దగ్గర ఎత్తి, తర్వాతే తల ఎత్తండి. పైకి జరపాలంటే మంచం చదును చేసి, తల తగలకుండా తలవైపు పట్టీకి దిండు నిలబెట్టండి. వాళ్లు మోకాళ్లు మడిచి మడమలతో తోయగలిగితేనే ఒక్కరు చేయాలి. తోయలేకపోతే రెండో మనిషి వచ్చేదాకా పాదాల దగ్గర దిండు పెట్టి ఆగండి.

తుంటి లేదా వెన్ను ఎముక విరిగినవాళ్లను, తుంటి ఆపరేషన్ అయినవాళ్లను డాక్టరు పద్ధతి చూపించకుండా ఒక్కరే తిప్పకండి. తిప్పుతుండగా ఆయాసం, పెదాల నీలం కనిపిస్తే వెంటనే వెనక్కి పడుకోబెట్టి తలవైపు ఎత్తి, అంబులెన్సుకు ఫోన్ చేయండి.

మనిషి అంచు మీంచి జారుతుంటే ఆపాలని బిగపట్టకండి. మీ తొడ మీదుగా మెల్లగా నేలకు దించి, తల మాత్రం కాపాడండి. తల కింద దిండు పెట్టి, దుప్పటి కప్పి, సాయానికి పిలవండి. ఒక్కరే మంచం మీదికి ఎక్కించడానికి ప్రయత్నించకండి.