ఇంటర్వ్యూ ఏ రౌండులో ఆగిపోతోంది?

బెంగళూరు మారతహళ్లిలో తెలుగువాళ్లుండే ఏ పీజీలో అడిగినా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగ ఇంటర్వ్యూ పోయినవారికి దొరికే సలహా ఒక్కటే: కోడింగ్ సాధన సైట్ లీట్‌కోడ్‌లో ఇంకో రెండు వందల ప్రాబ్లమ్స్ చేయమని. సర్వర్ పడిపోతే ముందుగా లాగ్ (జరిగినవన్నీ నమోదయ్యే ఫైలు) తెరిచి చూసే ఇంజనీరే, తన ఇంటర్వ్యూ పోయినప్పుడు మాత్రం ఎక్కడ పోయిందో చూసుకోడు. గత నాలుగైదు ప్రయత్నాలు ఏ దశలో ముగిశాయో కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత కింది భాగం చదవడం మంచిది.

సమస్య: దరఖాస్తులు పంపుతున్నా ఫోను రాదు.

కారణం చాలాసార్లు రెజ్యూమెలో కాక, ఉద్యోగాల సైట్ నౌక్రీలోని మీ ప్రొఫైల్‌లో, నోటీసు పీరియడ్ (రాజీనామా తర్వాత పనిచేయాల్సిన గడువు) గడిలో ఉంటుంది. సర్వీసు కంపెనీల్లో 90 రోజుల నోటీసు మామూలే కాబట్టి, 30 రోజుల్లో చేరేవారి కోసం వెతికే రిక్రూటరుకు మీ పేరే కనిపించదు. బైఅవుట్‌కు (మిగిలిన నోటీసు రోజులకు డబ్బు కట్టి ముందే బయటపడటానికి) వీలుందేమో నియామక పత్రంలో చూసి, ఉంటే ఆ మాట ప్రొఫైల్ పైభాగంలోనే రాయాలి. ఆఫరు లేకుండా రాజీనామా చేయమని మాత్రం చెప్పను. ఇంటి అద్దెకు నెలల తరబడి అడ్వాన్సు కట్టించుకునే ఈ ఊళ్లో అది ఖరీదైన ధైర్యం.

సమస్య: ఆన్‌లైన్ పరీక్షలో నమూనా ఇన్‌పుట్లకు జవాబు వస్తుంది, దాచిన టెస్ట్ కేసులు పోతాయి.

ప్రశ్న అడుగున, ఇన్‌పుట్ ఎంత పెద్దగా ఉండవచ్చో చెబుతూ ఇచ్చే పరిమితులను చదవకపోవడమే దీనికి కారణం. 1,00,000 సంఖ్యల్లో, కూడితే ఫలానా మొత్తం వచ్చే జంటను వెతకమన్నారనుకుందాం. లూపులో లూపు పెడితే దాదాపు 500 కోట్ల జంటలను పరిశీలించాలి. సెకనుకు 10 కోట్ల చిన్న పనులన్న వాడుక లెక్క ప్రకారం 50 సెకన్లు పడుతుంది, పరీక్ష మాత్రం ఒకటి రెండు సెకన్లే ఇస్తుంది. చూసిన సంఖ్యలను హ్యాష్ మ్యాప్‌లో (వెతికింది వెంటనే దొరికే పట్టికలో) పెట్టుకుంటూ పోతే ఒక్క చుట్టుతో పని ముగుస్తుంది. సమయం సరిపోయినా తప్పు వస్తుంటే ఓవర్‌ఫ్లోను (సంఖ్య తనకిచ్చిన చోటులో పట్టకపోవడాన్ని) అనుమానించాలి, ఎందుకంటే 32 బిట్ల ఇంట్‌లో (పూర్ణసంఖ్యలు దాచే రకంలో) 2,14,74,83,647కు మించి పట్టదు. జావా ప్రామాణిక లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లోనే (క్రమంలో ఉన్న జాబితాను సగం సగం చేస్తూ వెతికే కోడ్‌లోనే) మధ్య స్థానం లెక్కించేటప్పుడు ఈ లోపం ఏళ్ల తరబడి దాగి ఉందని, దాన్ని రాసిన జాషువా బ్లాకే 2006లో వెల్లడించారు గనుక, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

సమస్య: కోడ్ సరిగ్గానే నడిచింది, అయినా తిరస్కరించారు.

మనవాళ్లలో నేను ఎక్కువగా చూసింది ఇదే. ఆలోచన తెలుగులో నడుస్తుంది, చెప్పాల్సింది ఇంగ్లీషులో. ఆ రెండింటి మధ్య ఇరవై నిమిషాల మౌనం పేరుకుంటుంది. అవతలి వ్యక్తి నోట్సులో రాసుకోవడానికి ఏమీ దొరకదు, పైగా ఇది బట్టీ పట్టిన జవాబేమోనన్న అనుమానం మిగులుతుంది. ఇక్కడ మరిన్ని ప్రాబ్లమ్స్ చేసినా ఫలితం ఉండదు. రూమ్మేటును ఎదురుగా కూర్చోబెట్టి, పాత ప్రాబ్లమే తీసుకుని, మొదట తెలుగులో, మర్నాడు ఇంగ్లీషులో గట్టిగా చెబుతూ చేయాలి: ఇన్‌పుట్ ఖాళీగా ఉండవచ్చా అని అడగడం, అన్నిటినీ ప్రయత్నించి చూసే మొరటు పద్ధతిని ఒక వాక్యంలో చెప్పి దాన్ని ఎందుకు వదిలేస్తున్నారో వివరించడం, రాశాక ఒక చిన్న ఉదాహరణతో వరుసవరుసగా డ్రై రన్ చేయడం, అంటే కోడ్‌ను నడపకుండా చేత్తో లెక్కించి చూడటం. వ్యాకరణం తప్పినా నష్టం లేదు కానీ, ఆలోచన వినిపించకపోతే నష్టమే.

సిస్టమ్ డిజైన్ రౌండులో (పెద్ద సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని గీసి చూపే దశలో) ఆగిపోయేవారిది వేరే జబ్బు. ఎంతమంది వాడుకరులు, ఎంత డేటా అని అడగకముందే కాఫ్కా, రెడిస్ వంటి డేటా సాధనాల పెట్టెలు గీసేస్తారు. మొదటి ఐదు నిమిషాలు ప్రశ్నలకే కేటాయిస్తే అది కుదురుతుంది.

సమస్య: ఆఫరు వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో (పాత ఉద్యోగ వివరాల తనిఖీలో) ఆగింది.

కన్సల్టెన్సీ దగ్గర కొన్న అనుభవ పత్రాలకు ఇక్కడ పరిష్కారం లేదు. అయితే నిజాయితీపరులు కూడా పీఎఫ్ రికార్డు వల్ల చిక్కుకుంటారు: పాత కంపెనీ మీ నిష్క్రమణ తేదీ నమోదు చేయకపోతే, ఒకే కాలంలో రెండు ఉద్యోగాలు చేసినట్లు కనిపించవచ్చు. ఇంటర్వ్యూలు మొదలుపెట్టకముందే పీఎఫ్ నిర్వహించే సంస్థ ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ చూసుకుని, ఆ తేదీ లేకపోతే, చివరి జమ తర్వాత రెండు నెలలు గడిచి ఉంటే, ఆధార్ ఓటీపీతో మీరే నమోదు చేసుకోవచ్చు.