ఒకే ఆల్బమ్, పలు రీమాస్టర్లు: ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఎడిషన్లను పోల్చి వినే పద్ధతి

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1973 మార్చిలో విడుదల చేసిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్ ఈ యాభై ఏళ్లలో ఎల్పీగా, క్యాసెట్‌గా, సీడీగా, సూపర్ ఆడియో సీడీగా, డిజిటల్ ఫైలుగా మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ ‘కొత్తగా రీమాస్టర్ చేసినది’ అన్న ముద్ర దాని మీద ఉంటుంది. విజయవాడ, గుంటూరులలో ఈ తరహా సంగీతాన్ని వినేవారు తక్కువమందే అయినా శ్రద్ధగా వింటారు కాబట్టి, వీటిలో ఏది మేలు అన్న చర్చ నలుగురు కలిసినచోటల్లా వస్తుంది. ఎవరికి ఏది నచ్చాలో మరొకరు చెప్పలేరు కానీ, నచ్చినది నిజంగా రీమాస్టరింగ్ వల్లనే నచ్చిందా అని తేల్చుకునే పద్ధతి మాత్రం ఉంది. ఆ పద్ధతికి ప్రాణం వంటి నియమం ఒక్కటే: రెండు ఎడిషన్ల శబ్ద తీవ్రతను సమానం చేయనంతవరకు ఏ తీర్పూ చెప్పకూడదు. మిగిలినదంతా ఆ నియమాన్ని అమలుచేసే వివరమే.

పోల్చబోయే ముందు, ఆ రెంటిలో నిజంగా మారినదేమిటో తెలుసుకోవాలి. ఈ ఆల్బమ్‌ను లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో 16 ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు. ఇంజనీరు అలన్ పార్సన్స్, మిక్సింగ్ పర్యవేక్షకుడు క్రిస్ థామస్. విడివిడి ట్రాకులలో ఉన్న గొంతులను, వాయిద్యాలను తగిన పాళ్లలో కలిపి రెండు చానెళ్ల స్టీరియోగా మార్చడం మిక్సింగ్. అలా తయారైన స్టీరియో టేపులో స్వరస్థాయుల సమతూకాన్ని, మొత్తం శబ్ద తీవ్రతను సరిదిద్ది విడుదలకు సిద్ధం చేయడం మాస్టరింగ్. అదే పనిని తరువాత మళ్లీ చేస్తే రీమాస్టరింగ్. 1992లో ఇంజనీర్లు డగ్ సాక్స్, జేమ్స్ గత్రీ కలిసి చేసిన రీమాస్టర్ అయినా, 2011లోనూ 2023లోనూ గత్రీ ఆధ్వర్యంలో వచ్చినవి అయినా, స్టీరియోలో అన్నిటికీ మూలం 1973 నాటి మిక్సే. కనుక గిటారు కంటే గొంతు ముందుకు వచ్చిందనో, కొత్త వాయిద్యం వినబడిందనో ఎవరైనా అంటే, అది స్వరస్థాయుల దిద్దుబాటు వల్ల కలిగిన అనుభూతి తప్ప, ఆ వాయిద్యాన్ని విడిగా పెంచినందువల్ల కాదు. 2003 నాటి సూపర్ ఆడియో సీడీలోని 5.1 చానెళ్ల (చుట్టూ అమర్చిన ఆరు స్పీకర్ల) రూపం మాత్రం గత్రీ మొదటి నుంచీ కలిపిన వేరే మిక్స్. దానిని స్టీరియో ఎడిషన్‌తో పక్కపక్కన పెట్టి ఏ రీమాస్టర్ మంచిదని అడగడంలో అర్థం లేదు. 2023లో ఆ బృందం మాజీ సభ్యుడు రోజర్ వాటర్స్ విడుదల చేసిన ‘రీడక్స్’ అసలు రీమాస్టరే కాదు, ఆ పాటలను ఆయన మళ్లీ పాడి రికార్డు చేసుకున్న వేరే ఆల్బమ్. కింగ్ క్రిమ్సన్ బృందం 1969లో విడుదల చేసిన తొలి ఆల్బమ్ విషయంలో పరిస్థితి పూర్తిగా భిన్నం. 2009లో సంగీతకారుడు స్టీవెన్ విల్సన్, ఆ బృందం గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ దానిని మూల ట్రాకుల నుంచి కొత్తగా మిక్స్ చేశారు కాబట్టి, అక్కడ గొంతు ముందుకు వచ్చిందంటే నిజంగానే వచ్చి ఉండవచ్చు.

తరువాతి పని, మీ చేతిలో ఉన్నది ఏ ఎడిషనో రూఢి చేసుకోవడం. అట్ట మీది సంవత్సరాన్ని నమ్మవద్దు. స్ట్రీమింగ్ యాప్‌లో 1973 అని కనిపించేది ఆల్బమ్ తొలి విడుదల సంవత్సరమే కావచ్చు, వినబడేది ఇటీవలి రీమాస్టర్ కావచ్చు. సీడీ అయితే, అచ్చు లేని, మెరిసే వైపు మధ్య రంధ్రం చుట్టూ చెక్కి ఉండే సంఖ్యను వెలుతురులో వంచి చదివి రాసుకోవాలి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి సాఫ్ట్‌వేర్‌తో సీడీని కంప్యూటర్‌లోకి తీసుకుంటే ప్రతి పాటకూ గరిష్ఠ స్థాయి ఎంతో శాతంలో చెబుతుంది. పది పాటల గరిష్ఠ స్థాయులూ దశాంశంతో సహా రెండు సీడీలలో ఒకటేనని తేలితే, అట్టలు వేరైనా లోపలి మాస్టరింగ్ దాదాపు ఖాయంగా ఒకటే. కొత్త అట్టకు డబ్బు పెట్టే ముందు ఈ చిన్న పరీక్ష చేయడం ఎంతో మేలు. 1980లలో, ముఖ్యంగా జపాన్‌లో వచ్చిన తొలి సీడీలలో కొన్నిటిని ప్రీ ఎంఫసిస్ అనే పద్ధతిలో, పై స్థాయులను కావాలని పెంచి తయారుచేశారు. సీడీ ప్లేయర్ ఆ పెంపును తనంతట తానే తగ్గిస్తుంది కానీ, కంప్యూటర్‌లోకి తీసుకున్న ఫైలులో అది అలాగే ఉండిపోవచ్చు. అటువంటి ఫైలును విని ‘పాత సీడీ గొంతు పలచగా, గీరుగా ఉంది’ అని తీర్మానిస్తే ఆ సీడీకి అన్యాయం చేసినట్టే.

ఇక శబ్ద తీవ్రత సంగతి. మనిషి చెవి తక్కువ శబ్దంలో మంద్రస్థాయిని, అత్యంత తారస్థాయిని బలహీనంగా గ్రహిస్తుందనీ, శబ్దం పెరిగేకొద్దీ ఆ లోటు తగ్గుతుందనీ ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపారు. కాబట్టి ఒక ఎడిషన్ రెండవదానికంటే ఒక్క డెసిబెల్ ఎక్కువ ఉన్నా, దానిని పెద్ద శబ్దంగా కాక, మరింత నిండుగా, మరింత స్పష్టంగా ఉన్న సంగీతంగా మనసు స్వీకరిస్తుంది. 1990ల నుంచి రికార్డింగ్ పరిశ్రమ ఈ బలహీనత మీదనే ఆధారపడి సీడీల స్థాయిని అంతకంతకూ పెంచుకుంటూ పోయింది. అందుకోసం పాటలోని ఎత్తైన శిఖరాలను అణచి, మిగిలిన భాగాన్ని పైకి లేపారు. స్ట్రీమింగ్ సేవలు చాలావరకు ఇప్పుడు పాటలన్నిటినీ ఒక స్థాయికి తెస్తున్నాయి. స్పాటిఫైలో ఆ స్థాయి సాధారణంగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తెలిసే శబ్ద తీవ్రతకు కొలమానం). ఒకదానిని స్ట్రీమింగ్‌లోనూ మరొకదానిని సీడీలోనూ వింటే, ఈ సర్దుబాటు ఒకవైపే జరిగి పోలిక మొత్తం చెడిపోతుంది.

సమానం చేయడం కష్టం కాదు. రెండు ఎడిషన్లనూ నష్టం లేని ఫ్లాక్ ఫైళ్లుగా మార్చి, ఫూబార్2000 అనే కంప్యూటర్ మ్యూజిక్ ప్లేయర్‌లో, శబ్ద తీవ్రతను కొలిచి సర్దే రీప్లేగెయిన్ స్కాన్ చేయాలి. పాటవారీగా కాకుండా ఆల్బమ్ మొత్తానికి కలిపి లెక్కించే విధానాన్నే ఎంచుకోవాలి, లేకపోతే నెమ్మదిగా ఉండవలసిన పాట అనవసరంగా పెరుగుతుంది. తక్కువగా ఉన్నదానిని పెంచితే శిఖరాలు తెగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఎప్పుడూ పెద్దదానినే తగ్గించాలి. రెంటి మధ్య తేడా 0.2 డెసిబెల్ దాటకుండా ఉంటే చాలు. ఒక సూక్ష్మం మాత్రం గమనించాలి. రెండు ఎడిషన్లలో శిఖరాలను అణచిన తీరు వేరైతే, పాట అంతటా ఒకేసారి సమానం కావడం అసాధ్యం. అప్పుడు ‘అస్ అండ్ దెమ్’ పాటలో వాయిద్యాలన్నీ కలిసి ఎగసే పల్లవి దగ్గర రెంటినీ సమానం చేసి, తరువాత చరణాన్ని వినండి. ఏ ఎడిషన్‌లో చరణం పెద్దగా వినబడుతుందో దానిలోనే శిఖరాలను ఎక్కువగా అణచారని అర్థం. ఏడున్నర నిమిషాలు దాటిన ఆ పాట అందమంతా లోగొంతుకతో సాగే చరణానికీ, ఒక్కసారిగా విచ్చుకునే పల్లవికీ మధ్య ఉన్న దూరంలోనే ఉంది. ఆ దూరాన్ని తగ్గించిన ఎడిషన్ ఎంత శుభ్రంగా ఉన్నా నాకు సమ్మతం కాదు.

వినే గది విషయంలో మన ఊరి వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు. ఈ ఆల్బమ్ వినీవినబడని గుండె చప్పుడుతో మొదలై దానితోనే ముగుస్తుంది. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతున్న గదిలో ఆ మొదటి క్షణాలు ఫ్యాన్ చప్పుడులోనే కలిసిపోతాయి. మే నెలలో విజయవాడలో ఫ్యాన్ ఆపి కూర్చోవడం సాధ్యమయ్యే పని కాదు కనుక, తెల్లవారుజామున, అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటారు వేయకముందు, ఏలూరు రోడ్డు మీద బస్సుల రద్దీ మొదలుకాకముందు వినడం ఉత్తమం. అదీ కుదరకపోతే చెవులను పూర్తిగా కప్పే వైరు హెడ్‌ఫోన్స్ వాడండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ శబ్దాన్ని మళ్లీ కుదించి పంపుతాయి కాబట్టి ఈ పనికి పక్కన పెట్టండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఆంప్లిఫయర్‌లో గుయ్‌మనే శబ్దం చేరితే, ఆ పూటకు పరీక్ష ఆపేయడమే మంచిది.

ఆల్బమ్ మొత్తాన్ని ఒకసారి అటు, ఒకసారి ఇటు వింటే ఏమీ తేలదు. చెవికి శబ్ద వివరాల జ్ఞాపకం చాలా తక్కువ. పదిహేను ఇరవై సెకన్ల భాగాన్ని ఎంచుకుని వెంటవెంటనే మార్చి వినాలి. ‘టైమ్’ పాట మొదలు అందుకు చక్కగా పనికివస్తుంది. ఆ గడియారాల మోతను పార్సన్స్ పాత గడియారాల దుకాణంలో ఒక్కొక్కటిగా రికార్డు చేశారు. టిక్కుటిక్కుమనే చప్పుడు లీలగా వినబడేంతవరకే వాల్యూమ్ పెట్టి, గంటలన్నీ ఒక్కసారిగా మోగేదాకా ఆగండి. మంచి మాస్టరింగ్‌లో ఆ మోత ఒళ్లు ఉలిక్కిపడేలా వస్తుంది, ఒక్కో గంటా లోహపు అంచుతో విడివిడిగా తెలుస్తుంది. శిఖరాలను నరికిన మాస్టరింగ్‌లో అంతా ఒకే ముద్దగా, పెద్దదే కానీ దెబ్బ లేనిదిగా వినబడుతుంది. ఆ వెంటనే వచ్చే, బృందం డ్రమ్మర్ నిక్ మేసన్ వాయించిన రోటోటామ్ డ్రమ్ముల మీద దెబ్బ పడిన తరువాత మిగిలే కంపనం ఎంతసేపు నిలుస్తున్నదో చూడండి.

‘మనీ’ పాటలో బృందం గిటారిస్టు డేవిడ్ గిల్మర్ ఒంటరిగా వాయించే సోలో ఇంకా సున్నితమైన పరీక్ష. ఏడు మాత్రల నడక నుంచి నాలుగు మాత్రల నడకకు మారి సాగే ఆ సోలో మధ్య భాగంలో ప్రతిధ్వని అంతా తొలగిపోయి గిటారు పొడిగా, చెవి పక్కనే వాయిస్తున్నట్టు మిగులుతుంది. మూడవ భాగంలో ప్రతిధ్వని తిరిగి వచ్చినప్పుడు గది ఒక్కసారిగా పెద్దదైన భావన కలగాలి. పై స్థాయులను అతిగా పెంచిన ఎడిషన్‌లో పొడి భాగం గీరుకుంటుంది. శబ్దాన్ని అణచిన ఎడిషన్‌లో ఆ గది పెద్దది కాదు. గాయని క్లేర్ టోరీ మాటలే లేకుండా గొంతెత్తి పాడిన ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’లో ఆమె స్వరం పతాక స్థాయికి చేరిన చోట జీర వినబడుతుందేమో గమనించండి. ఆ జీర అన్ని ఎడిషన్లలోనూ ఉంటే అది మూల టేపులోనిదే కావచ్చు, ఒకదానిలోనే ఉంటే ఆ మాస్టరింగ్‌దే తప్పు. చివరి పాట ‘ఎక్లిప్స్’ ముగిశాక, ఆబీ రోడ్ ద్వారపాలకుడు జెరీ ఓడ్రిస్కల్ పలికిన మాటలు గుండె చప్పుడు నడుమ వినిపిస్తాయి. అక్కడ టేపు సన్నని సుయ్‌మనే ధ్వని ఉండటం లోపం కాదు. దానిని పూర్తిగా తుడిచేసిన ఎడిషన్‌లో తాళాల (సింబల్స్) మెరుపు, గొంతులోని ఊపిరి కూడా కొంత పోయి ఉండే అవకాశం ఎక్కువ. పాత తెలుగు పాటలకు ఇంటర్నెట్‌లో రీమాస్టర్ పేరుతో జరుగుతున్నది చాలాచోట్ల ఇదే. విజయవాడ ఆకాశవాణిలో విన్న గొంతు వాటిలో దొరకకపోవడానికి కారణం కూడా ఇదే.

తేడా తెలిసిందని అనిపించాక, అది నిజమో కాదో కళ్లు మూసి తేల్చుకోవాలి. ఫూబార్2000లో ఏబీఎక్స్ అనే అదనపు సాధనం ఉంది. ఏ ఫైలు మోగుతున్నదో మీకు చెప్పకుండా వినిపించి, గుర్తించమంటుంది. 16 సార్లలో కనీసం 12 సార్లు సరిగ్గా గుర్తిస్తే, అది ఊహ వల్ల జరిగి ఉండే అవకాశం 4 శాతం లోపే. పది సార్లలో ఆరు సార్లు వచ్చిందని సంబరపడితే ప్రయోజనం లేదు. రెండు ఎడిషన్లలో పాట మొదలయ్యే క్షణం కొద్దిగా వేరైనా మార్చేటప్పుడు ఆ తేడానే జవాబు చెప్పేస్తుంది కాబట్టి, ముందుగా ఆడాసిటీ అనే శబ్ద సవరణ సాఫ్ట్‌వేర్‌లో రెంటి మొదళ్లనూ కలపాలి.

ఆడాసిటీలోనే తరంగ చిత్రాన్ని చూస్తే శిఖరాలు ఇటుక గోడలా సమంగా తెగి ఉన్నాయా, లేక ఎగుడుదిగుడుగా నిలిచాయా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. శిఖరాలకూ సగటు శబ్దానికీ ఉన్న దూరాన్ని కొలిచే డైనమిక్ రేంజ్ మీటరు ఇచ్చే సంఖ్య కూడా అదే సంగతిని చెబుతుంది. అయితే ఆ సంఖ్య పెద్దదైనంత మాత్రాన స్వరస్థాయుల సమతూకం బాగున్నట్టు కాదు, కనుక దానిని సూచనగానే తీసుకోవాలి. ఎల్పీ నుంచి తీసిన ఫైళ్లకు ఆ సంఖ్య అసలు వర్తించదు. ప్లేయర్ ముల్లు, కార్ట్రిడ్జ్ తరంగాన్ని మార్చడం వల్ల అది ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది.

చివరిగా, శబ్దాన్ని మరింత సూక్ష్మంగా నమోదు చేసే 24 బిట్ల ఫైలు 16 బిట్ల సీడీ కంటే మేలా అన్న ప్రశ్న. దీనిని చాలామంది కొత్త రీమాస్టర్ హై రిజల్యూషన్ ఫైలును పాత సీడీతో పోల్చి తేల్చుతారు. అక్కడ రెండు విషయాలు ఒకేసారి మారుతున్నాయి కాబట్టి ఏది కారణమో తెలియదు. ఆ హై రిజల్యూషన్ ఫైలు నుంచే 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ ఉన్న (సీడీ ప్రమాణం) ప్రతిని తయారుచేసి, ఆ రెంటినీ ఏబీఎక్స్‌లో పెట్టండి. గుర్తుపట్టలేకపోతే, మీకు నచ్చినది ఫైలు రూపం కాదు, మాస్టరింగ్ అని తేలినట్టే. అదే మాస్టరింగ్ సీడీగా తక్కువ ధరకు దొరికితే దానినే తీసుకోండి.