ఊరి చరిత్ర రాయించే టీచర్లకు: ఏ నందన ఆ నందన?

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఊరి చరిత్ర రాయించాలంటే గుడి దగ్గర మొదలుపెట్టకండి. ముప్పై నోటుబుక్కుల్లో ఒకటే స్థలపురాణం వస్తుంది. ఇంట్లో ముసలివాళ్లతో మొదలుపెట్టండి.

ఒక్కొక్కరికి ఒక పెద్దమనిషి, అరగంట చాలు. అడిగి, ఒప్పుకుంటేనే ఫోన్లో రికార్డు చేయాలి. "మీ కాలంలో ఎలా ఉండేది?" అంటే "అన్నీ బాగుండేవి నాయనా" అనే వస్తుంది. "బడి ఏ తరగతిలో మానేశావు, ఎందుకు?", "మన ఇంటిపేరుతో ఊరేదైనా ఉందా, అక్కడి దేవుడికి ఇంకా మొక్కులు తీరుస్తున్నామా?" అని అడిగించండి. మన ఇంటిపేర్లు చాలావరకు ఊరిపేర్లే కాబట్టి, రెండో ప్రశ్నతో వలస వచ్చిన దారి దొరుకుతుంది.

చిక్కంతా తేదీలతోనే. ఏ అవ్వా "1952లో పుట్టాను" అనదు, "నందనలో పుట్టా" అంటుంది. నందన అంటే అరవై తెలుగు సంవత్సరాల్లో ఒకటి, అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1832-33, 1892-93, 1952-53, 2012-13. వయసు చూస్తే అవ్వది 1952. అదే అవ్వ "నందన కరువు" అంటే మాత్రం గుంటూరు సీమలో 1832-33లో వచ్చిన డొక్కల కరువు. అది ఆమె చూసింది కాదు, విన్నది. ధాత కరువు (1876-78) కూడా అంతే. చూసింది నీలం సిరాతో, విన్నది ఎర్ర సిరాతో రాయిస్తే ఈ గందరగోళం సగం తగ్గుతుంది. సంవత్సరం పేరే గుర్తులేకపోతే పెద్ద ఘటన పట్టుకోవాలి: కృష్ణా జిల్లాలో దివిసీమ ఉప్పెనకు (1977 నవంబరు) ముందా తర్వాతా, తెలంగాణలో పోలీసు చర్యకు (1948 సెప్టెంబరు) ముందా తర్వాతా అని.

ఇక రాతిమీద చెక్కిన శాసనం. అక్షరాల్లో సుద్ద, పిండి, సున్నం రుద్దనివ్వకండి. రాయి పాడవడం ఒకటైతే, సుద్దతో దిద్దిన తప్పు గీతే తర్వాత వచ్చినవాళ్లకు అక్షరమైపోతుంది. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, చీకటి పడ్డాక టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. చెక్కిన గాడుల్లో నీడ పడి అక్షరం పైకి లేస్తుంది. ఎదురుగా వేస్తే బోడి రాయే కనిపిస్తుంది. నాలుగు పక్కలనుంచీ వెలుగు మార్చి నాలుగు ఫోటోలు తీయాలి, పక్కన స్కేలు పెట్టి.

"శకవర్షంబులు" (శాలివాహన శక సంవత్సరాలు) దగ్గర అంకె దొరికితే 78 కలపండి, ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జనవరి నుంచి ఉగాది లోపు తిథి అయితే 79. సరిచూసుకునే పద్ధతి: శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించాలి, మిగిలిన శేషమే ప్రభవ నుంచి లెక్కపెట్టే వరస. 1431కి 12 కలిపితే 1443, శేషం 3. ప్రభవ, విభవ, శుక్ల. రాతిమీదా శుక్ల అనే ఉంటే అంకె సరిగా చదివినట్టే. ఒక్క ఏడాది తేడా అయితే కంగారొద్దు, గడిచిన ఏడు లెక్కించారా, నడుస్తున్న ఏడా అన్నదాన్నిబట్టి అలా వస్తుంది. అంతకన్నా ఎక్కువ తేడా ఉంటే మళ్లీ టార్చి పట్టుకోవలసిందే.

రాయి చెప్పేదీ పూజారి చెప్పేదీ కలవకపోతే పిల్లల చేత "అబద్ధం" అనిపించకండి. పేజీ నిలువునా మడిచి ఒకవైపు భక్తులు చెప్పేది, మరోవైపు రాయి చెప్పేది రాయిస్తే చాలు. పండగలూ ఏడును పట్టిస్తాయి. పీర్ల పండగ (మొహర్రం) ఇంగ్లీషు తేదీ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి వస్తుంది. అందుకే "సంక్రాంతికి పీర్లు లేచిన ఏడు" అని ఎవరైనా అంటే వదలకండి. ఆ రెండూ దగ్గర పడేది సుమారు ముప్పై మూడేళ్లకోసారే.

బడి అడ్మిషన్ రిజిస్టరు హెడ్మాస్టరు అనుమతితోనే చూడాలి. కులం గడి నోటుబుక్కులోకి ఎక్కించొద్దు. పాత పేజీల్లో చాలామంది జులై 1నే పుట్టినట్టు కనిపిస్తే ఆశ్చర్యపోకండి, అది చేర్చుకునేటప్పుడు పంతులుగారు వేసిన అంచనా. అక్కడ "పుట్టినరోజు" అనకుండా "బడిలో వేసిన తేదీ" అని రాయించండి.