తాతల నాటి మజిల్ లోడర్: కొనాలన్నా, బాగుచేయించాలన్నా ముందు గొట్టం అడుగు చూడండి

మార్కాపురం, గిద్దలూరు, ఉదయగిరి వైపు మెట్ట పొలాల్లో పంట కాపలాకి లైసెన్సు మీద ఉన్న తుపాకుల్లో మజిల్ లోడర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. మూతి నుంచి మందు పోసి, దట్టించి, గొట్టం అడుగున బయటికి ఉండే చిన్న రంధ్రపు మొన (నిపుల్) మీద, దెబ్బకి నిప్పురవ్వ ఇచ్చే చిన్న టోపీ (క్యాప్) పెట్టి కాల్చే రకం. పాతది ఒకటి అమ్మకానికి వచ్చినా, ఇంట్లో పెద్దాయన వదిలిపోయినది బాగుచేయించాలన్నా, చూడాల్సిన చోటు ఒకటే: గొట్టం అడుగున ఆరు అంగుళాలు. మందు మండేది అక్కడే, ఒత్తిడి పడేదీ అక్కడే, కడగకుండా వదిలేస్తే తుప్పు తినేదీ అక్కడే. చెక్క విరిగితే కొత్తది వేయించవచ్చు, స్ప్రింగు పోతే మార్చవచ్చు. అడుగు తినేసిన గొట్టాన్ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

అయితే తుపాకీని చేతిలోకి తీసుకునే ముందు కాగితాలు చూడాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మజిల్ లోడర్‌కి కూడా లైసెన్సు తప్పనిసరి. గొట్టం మీద కొట్టిన నంబరు లైసెన్సులో రాసిన నంబరుతో అక్షరం తేడా లేకుండా కలవాలి. నంబరు అరగదీసినదైతే, అసలు లేనిదైతే ఎంత చౌకగా వచ్చినా వద్దు. అలాంటిది అమ్మడమే నేరం. లైసెన్సుదారు తన తుపాకీని ఇంకో లైసెన్సుదారుకి అమ్ముకోవచ్చు గానీ, కొనేవాళ్ల పేరు, చిరునామాతో కలెక్టరుకో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో ముందుగా రాసివ్వాలి. ఆ తర్వాత కనీసం 45 రోజులు ఆగాలి. ఈలోపు చెయ్యి మారకూడదు.

వారసత్వంగా వచ్చినదాని దగ్గర చాలామంది పొరబడతారు. లైసెన్సు ఉన్న మనిషి పోయాక తుపాకీ ఇంట్లో అటక మీద ఉంచుకోవడానికి వీల్లేదు. ఆలస్యం చేయకుండా స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేసి, వారసులు తమ పేర లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవాలి. ‘చెదలు పట్టింది, పనిచేయదు, పాత సామాను’ అంటే సరిపోదు. రిపేరు చేసినా పనికిరానిదైతేనే చట్టం మినహాయిస్తుంది. నిపుల్ మారిస్తే పేలే తుపాకీ లెక్కలో తుపాకీయే.

ఇంకో మాట. ఊళ్ళో అన్నిటినీ రైఫిల్ అనేస్తారు. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటేనే రైఫిల్, నున్నగా ఉంటే గన్. లైసెన్సులో ఏ రకం రాశారో చూసుకుని దానికి సరిపడేదే కొనాలి. బోర్ నంబరు అంటే ఒక పౌండు సీసంతో ఆ గొట్టానికి సరిపడే గుండ్లు ఎన్ని వస్తాయన్న లెక్క. అందుకే నంబరు పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 12 బోర్ సుమారు 18.5 మిల్లీమీటర్లు, 16 బోర్ 16.8, 20 బోర్ 15.6. వెర్నియర్‌తో మూతి దగ్గర కొలవండి. రాసిన బోర్‌కీ కొలతకీ బాగా తేడా వస్తే లోపల అరిగిందనో, ఎవరో తొలిచారనో అనుమానించాలి.

ఇక తుపాకీ. దట్టించి ఉందో లేదో తేలేదాకా మూతికి ఎదురుగా ఎవరూ ఉండకూడదు. ముప్పై నలభై ఏళ్ళు మూల పడి ఉన్నవాటిలోనూ మందు, రవలు (సీసపు గుళ్ళు) అలాగే ఉండొచ్చు. తేమ తగలని బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లమందు) పాతబడినా పేలుతుంది. నిపుల్ మీద క్యాప్ లేదని నిర్ధారించుకుని, పక్కకి నిలబడి, కడ్డీని గొట్టంలోకి మెల్లగా అడుగుదాకా దించండి. మూతి దగ్గర కడ్డీ మీద పెన్సిల్‌తో గీత పెట్టి బయటికి తీయండి. గీతను మూతికి ఆనించి కడ్డీని గొట్టం పక్కన బయట పెట్టి చూస్తే, కొస దాదాపు నిపుల్ దాకా రావాలి. రెండు మూడు అంగుళాల ముందే ఆగిందంటే లోపల ఏదో ఉంది. గీకడం, వేడి చేయడం, క్యాప్ పెట్టి కాల్చి ఖాళీ చేయడం ఏదీ వద్దు. లైసెన్సున్న గన్‌స్మిత్‌కే అప్పగించండి.

ఖాళీ అని తేలాక గొట్టం పరీక్ష. వెలుతురున్న కిటికీ వైపు పట్టుకుని పైఅంచు వెంట ఒక కంటితో చూడండి. మెరుపు గీత సూటిగా సాగాలి. మధ్యలో ఉంగరంలా ఉబ్బి కనిపిస్తే, ఎప్పుడో గుండు మందు మీద పూర్తిగా కూర్చోకుండా మధ్యలో ఖాళీ మిగిలి ఉండగా కాల్చారన్నమాట. ఆ గొట్టం పని అయిపోయింది. మూతి చీలిందని కోయించడం కూడా కుదరదు. గొట్టం పొట్టి చేయడానికి చట్టంలో విడిగా అనుమతి కావాలి.

లోపల చూడటానికి ఫోనుకి తగిలించే 5.5 మిల్లీమీటర్ల ఎండోస్కోప్ కెమెరా చాలు. ముందు నూనె గుడ్డతో తుడవాలి, లేకపోతే దుమ్మే తుప్పులా కనిపిస్తుంది. ఎర్రపొడి వచ్చిందని కంగారు పడొద్దు, అది పైపైది. నల్లటి గుంటలు, మశూచి మచ్చల్లా, అడుగు దగ్గర గుంపుగా ఉంటే మాత్రం వదిలేయండి. మూతి నుంచి అడుగు దాకా సూటిగా ఒకే గీత కనిపిస్తే అది అతుకు పైపు. నీళ్ళ పైపుతో చేసిన నాటు తుపాకీలు పగిలేది ఆ గీత వెంటే, ఎడమచేతి వేళ్ళు పట్టుకునే చోటే. బయట వంకీలు తిరిగిన గీతలుంటే సంగతి వేరు. అది ఇనుము, ఉక్కు పట్టీలు చుట్టి అతికిన డమాస్కస్ గొట్టం. చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ పట్టీల మధ్య తుప్పు దూరితే కంటికి కనపడదు. దాన్ని గోడకి అలంకారంగానే చూడటం మంచిది.

అడుగున గొట్టాన్ని మూసే బ్రీచ్ ప్లగ్ మరలు వదులయ్యాయేమో తేల్చడానికి తేలిక పరీక్ష ఉంది. నిపుల్ మీద రబ్బరు ముక్క పెట్టి హామర్‌ను, అంటే క్యాప్‌ను కొట్టే సుత్తిని, మెల్లగా దించి అదిమి ఉంచండి. అర టీ గ్లాసు కిరోసిన్ గొట్టంలో పోసి, తుపాకీని నిలువుగా రాత్రంతా ఉంచండి. తెల్లారి ప్లగ్ అంచున తడి ఉంగరం కనిపిస్తే, కిరోసిన్ దారిలోనే మంటా వస్తుంది. ఆ తడి కాల్చేవాడి కంటికి జానెడు దూరంలో ఉంటుందని మర్చిపోవద్దు.

లాక్ దగ్గర, అంటే హామర్, ట్రిగ్గర్ పనిచేసే యంత్రం దగ్గర, రెండు పరీక్షలు. హామర్‌ను సగం ఎత్తి ట్రిగ్గర్ గట్టిగా నొక్కితే పడకూడదు. పూర్తిగా ఎత్తి బొటనవేలితో వెనకనుంచి ముందుకి నెట్టితే జారకూడదు. ఏది తప్పినా హామర్‌ను పట్టి ఉంచే కొక్కెం (సియర్) అరిగినట్టే. అది మార్చదగ్గ భాగమే, ధర తగ్గించి అడగండి. వట్టి నిపుల్ మీద హామర్ కొట్టి చూడొద్దు, నిపుల్ తల చదునైపోతుంది. మధ్యలో తోలు ముక్క పెట్టండి. నిపుల్ రంధ్రం పెద్దదైతే మంట వెనక్కి తన్ని హామర్‌నే లేపుతుంది. నిపుల్ మార్చేటప్పుడు మరల కొలత ముఖ్యం: పావు అంగుళం 28 పళ్ళవి, 6 మిల్లీమీటర్లవి చూడటానికి ఒకటిలాగే ఉంటాయి. ఒకదాని చోట ఇంకొకటి బిగిస్తే గాడి పాడై, కాల్చినప్పుడు నిపుల్ తూటాలా వెనక్కి వస్తుంది.

చెక్కలో మెడ భాగం, అంటే ట్రిగ్గర్ వెనక చేత్తో పట్టే సన్నని చోటు, మెలేసి చూడండి. కిర్రుమంటే పగులుంది. మేకు కొట్టి, రాగి తీగ చుట్టి ఉంటే ఆ పగులు లోపల ఇంకా పెద్దది. ఎపాక్సీ, ఇత్తడి పిన్నుతో అతికితే నిలుస్తుంది. పైన అవిసె నూనె పలచగా, పూతకీ పూతకీ ఒక రోజు ఎడంతో రాస్తే చాలు.

రిపేరు ఏదైనా లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరే. ఇంట్లో తుపాకీ తయారుచేయడమే కాదు, లైసెన్సు లేని వడ్రంగి షెడ్డులో గొట్టం మార్పించడమూ నేరమే. ఎమరీ పేపరుతో తళతళా రుద్దించొద్దు. గుర్తులు, నంబర్లు పోతాయి, గొట్టం పలచబడుతుంది. నూనెలో తడిపిన అతి సన్న స్టీల్ ఉన్నితో ఎర్రపొడి మాత్రం తీయించండి. బాగైన తుపాకీని మొదటిసారి గన్‌స్మిత్ దూరం నుంచి తాడు కట్టి కాల్చి చూశాకే భుజానికి ఆనించాలి. వాడే మందు బ్లాక్ పౌడరే. కార్ట్రిడ్జ్ విప్పిన పొగలేని మందు చిటికెడు కలిపినా గొట్టం ఆగదు. పంట కాపలా లైసెన్సు వేట లైసెన్సు కాదన్నదీ గుర్తుండాలి. అనుమతి లేకుండా అడవి జంతువును చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే.

కాల్చిన రోజే వేడి నీళ్ళు, సబ్బుతో కడగాలి. మందు మసి గాల్లో తేమను లాక్కుంటుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఒక్క రాత్రి చాలు. ఆరాక మిషన్ ఆయిల్ పట్టించండి, వంటనూనె జిగురు కడుతుంది. తోలు సంచిలో దాచొద్దు. మూతి కిందికి ఉంచితే నూనె చెక్కలోకి దిగదు. వానల తేమ ఉండే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పదిహేను రోజులకొకసారి తెల్ల గుడ్డ దూర్చి తీయండి. ఎన్నికల కోడ్‌కి స్టేషన్‌లో డిపాజిట్ చేసే ముందు మందంగా నూనె పట్టించి, రసీదు తీసుకుని, తిరిగొచ్చిన రోజే గొట్టం అడుగు మళ్ళీ కెమెరాతో చూడండి.