ఇంట్లోనే పరిశోధన – 5వ పాఠం: పది గింజల మీద శాతం కట్టకండి

ఈసారి గ్రాఫు గీయడం నేర్చుకుందాం అన్నాను. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. మీరు పంపిన పట్టికలు చూశాక, గ్రాఫుకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటి ఉందని అర్థమైంది.

కిందటిసారి ఇచ్చిన ప్రశ్న గుర్తుందిగా: నీళ్ళలో ఉప్పు కలిస్తే వరి విత్తనం మొలక తగ్గుతుందా? కాలువ చివరి ఊళ్ళవాళ్ళకి ఇది బతుకులో ప్రశ్న. వేసవిలో కాలువ కట్టేశాక సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే చాలు, ఎందుకు అడుగుతున్నానో తెలుస్తుంది. ఒక పళ్ళెంలో మంచినీళ్ళు, ఇంకో పళ్ళెంలో లీటరుకు 3 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్ళు పోయమన్నాను. పళ్ళేనికి ఎన్ని గింజలో మాత్రం చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. దాదాపు అందరూ పదేసి వేశారు.

ఒకరికి మంచినీళ్ళలో 8, ఉప్పునీళ్ళలో 9 మొలిచాయి. "80 శాతం, 90 శాతం. కాబట్టి కొంచెం ఉప్పు మొలకకి మేలు చేస్తుంది మాస్టారూ" అని రాశారు. ఇంకొకరికి 9, 6 వచ్చాయి. "ఉప్పువల్ల మొలక మూడో వంతు పడిపోయింది" అని తేల్చారు. ఇద్దరూ నిజాయితీగానే లెక్కపెట్టారు. ఇద్దరూ ఒకే గుంటలో పడ్డారు.

80కీ 90కీ మధ్య ఎంత తేడా? ఒక్క గింజ. దాన్ని పది శాతం అని రాయగానే పెద్ద సంగతిలా కనిపిస్తుంది. ఆ ఒక్క గింజ తాలు కావచ్చు, లోపల పురుగు తిన్నది కావచ్చు, పళ్ళెం అంచున తడి అందనిది కావచ్చు.

ఇంకాస్త లోతుకి వెళదాం. ఇది ఎక్కకపోతే ముందు చెప్పబోయేదేదీ నిలబడదు. మీ బస్తాలో విత్తనం నిజంగా 80 శాతం మొలిచేదే అనుకోండి. మన దేశంలో ధ్రువీకరించిన వరి విత్తనానికి ఉండాల్సిన కనీస మొలక శాతం అదే. ఆ బస్తాలోంచి పదేసి గింజలు తీసి, అవే మంచినీళ్ళలో, పళ్ళెం తర్వాత పళ్ళెం పెడుతూ పోతే అన్నిట్లోనూ 8 వస్తాయా? రావు. సరిగ్గా 8 వచ్చేవి పదింట మూడు పళ్ళేలే. పదింట ఒకదాంట్లో పదికి పదీ మొలుస్తాయి. ఎనిమిదింట ఒకదాంట్లో ఆరో అంతకంటే తక్కువో మొలుస్తాయి. ఉప్పు లేదు, ఎండ లేదు, ఎవరి తప్పూ లేదు. గింజల సంఖ్య తక్కువైతే లెక్క ఇలాగే ఊగుతుంది. మీ 9, మీ 6 ఆ ఊగులాటలోవే కావచ్చు.

మెండెల్ బఠాణీల సంగతి పదో తరగతిలో అందరూ చదివారు. గుండ్రటివి మూడు, ముడతలవి ఒకటి. ఆయన 1866లో అచ్చువేసిన వ్యాసంలో పాఠ్యపుస్తకాలు వదిలేసే ముక్క ఒకటుంది. ఒక మొక్కకి 43 గుండ్రటి గింజలు, 2 ముడతలవి వచ్చాయి. ఇంకో మొక్కకి 14 గుండ్రటివి, 15 ముడతలవి. ఆ రెండో మొక్క ఒక్కటే చూసి ఉంటే "సగం సగం" అని రాసి ఊరుకునేవాడు. ఆయన మొత్తం 7,324 గింజలు లెక్కపెట్టాడు: 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి. అప్పుడు కనిపించింది మూడుకి ఒకటి. ఆ రెండు వింత మొక్కల్ని దాచిపెట్టలేదు కూడా, వ్యాసంలోనే రాశాడు. నాకు ఆయనంటే గౌరవం అందుకే.

మరి ఎన్ని గింజలు కావాలి? అదే 80 శాతం విత్తనాన్ని వందేసి వేస్తే, వందసార్లలో 95 సార్లు లెక్క 72కీ 88కీ మధ్య పడుతుంది. 400 వేస్తే 76 శాతానికీ 84 శాతానికీ మధ్య. విత్తన పరీక్షా కేంద్రాల్లో వందేసి చొప్పున నాలుగుసార్లు, మొత్తం 400 గింజలు వేసేది ఇందుకే. పైగా వరి మొలకెత్తే దశలో ఉప్పుని కొంత తట్టుకుంటుంది, అసలు దెబ్బ లేతనారు దశలో పడుతుంది. అంటే మనం వెతుకుతున్న తేడా చిన్నది. చిన్న తేడా పట్టుకోవాలంటే పెద్ద లెక్కే కావాలి.

మిగతా తప్పులు త్వరగా చెప్పేస్తాను. కొందరు నిండు గింజలు ఏరి వేశారు. ఏరకండి, బస్తా పైనా మధ్యలో అడుగునా తలా ఒక గుప్పెడు తీసి కలిపి, చేతికొచ్చింది వేయండి. ఒకరు సార్వా కోసి కళ్ళంలోంచి నేరుగా తెచ్చిన గింజలు వాడారు, రెండు పళ్ళేల్లోనూ మూడే మొలిచాయి. కొన్ని రకాల కొత్త ధాన్యానికి కొన్ని వారాలు నిద్రావస్థ ఉంటుంది, పాత విత్తనం వాడండి.

"మొలిచింది" అంటే ఏమిటో ముందే రాసిపెట్టుకోండి. నీళ్ళు మరీ ఎక్కువగా పోసిన పళ్ళేన్ని దగ్గరగా చూడండి: గింజలోంచి పొడుగ్గా, పాలిపోయిన మొలక పైకి లేస్తుంది, కింద వేరు మాత్రం ఉండదు. గాలి అందక మునిగిపోయిన వరి చేసే పని అది. మండె కట్టేటప్పుడు, అంటే నారు పోసేముందు విత్తనాన్ని మొలకెత్తించేటప్పుడు, రైతు నానబోసిన నీళ్ళు వంపేసి గోనెసంచిలో పెట్టేది కూడా గాలి తగలాలనే. నా లెక్కలో వేరూ మొలకా రెండూ ఉంటేనే మొలిచినట్టు. గింజలు నీళ్ళలో తేలకూడదు, తడిగుడ్డ మీద ఉండాలి.

ఫలితం రాసేటప్పుడు గింజల సంఖ్య ముందు, శాతం తర్వాత. "400లో ఇన్ని" అని రాస్తే చదివేవాళ్ళు తూకం వేసుకోగలరు. వట్టి శాతం రాసిన పట్టికని నేను ఇకనుంచి చదవను. నోట్స్ పెన్సిల్‌తోనే రాయండి, తడి చేతులకి ఇంకు నిలవదు.

అభ్యాసం. ఈసారి ఓపిక కావాలి.

ముందు ఉప్పు ముట్టుకోవద్దు. ఒకే బస్తాలోంచి 200 గింజలు, పదేసి చొప్పున ఇరవై కుప్పలుగా, అన్నీ మంచినీళ్ళతో తడిపిన గుడ్డ మీద పెట్టండి. ఒక్కో కుప్పలో ఎన్ని మొలిచాయో అయిదో రోజున, పద్నాలుగో రోజున రాయండి. 0 నుంచి 10 దాకా గీత గీసి, పద్నాలుగో రోజు లెక్కకి కుప్పకో చుక్క పెట్టండి. ఆ చుక్కలు ఎంత దూరం చెదిరాయో చూశాకే ఉప్పు జోలికి వెళ్ళండి: మంచినీళ్ళకి వందేసి నాలుగు పళ్ళేలు, ఉప్పునీళ్ళకి నాలుగు. ఏది ఏదో చీటీ పళ్ళెం అడుగున అంటించి, లెక్కపెట్టే పని ఆ చీటీ చూడనివాళ్ళకి ఇవ్వండి. పళ్ళేల మీద మూత ఉంచండి. ఉప్పు పళ్ళెం ఆరుతుంటే మళ్ళీ ఉప్పునీళ్ళు పోయకండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు గుడ్డలోనే మిగిలిపోతుంది. తగ్గినంత మంచినీళ్ళు చల్లండి.